ఎడమ భుజం మీది మెత్త

దమ్మపేట,
18 జూలై 2005.

చిరంజీవి భార్గవికి,

మీ వదిన రుక్మిణి ఆశీస్సులు. నువ్వు మా ఇంటి కోడలివై రెండు నెలలు దాటింది. ఇన్ని రోజులకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది, అదీ అవసరం పడి రాస్తున్నాను. ప్రేమ పొంగి రాశానని మురిసిపోకు.

పోయిన గురువారం ఆటల పీరియడులో ఎనిమిదో తరగతి పిల్లలకు ఖోఖో నేర్పుతున్నాను. స్తంభం దగ్గర ముందుకు దూకి ఎలా అందుకోవాలో నోటితో చెబితే సరిపోయేది. ముప్పై నాలుగేళ్లదాన్ని, ఊరుకోలేక దూకి చూపించాను. ఎడమ కాలు మడత పడి చీలమండ దగ్గర టప్పుమంది. అది కూడా ఆటలో భాగమే అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

మా ఆశ్రమ పాఠశాల వంటమనిషి భీమక్క పరుగెత్తుకొచ్చి నన్ను లేపింది. "బొక్క ఇరగలే టీచరమ్మా, నరం సాగింది. పసరు కడితే వారంల లేచి ఉరుకుతవ్" అని ఏదో ఆకు నూరి కట్టింది. మూడో రోజుకు కాలు సొరకాయంత అయింది. సత్తుపల్లి వెళ్లి చూపించుకుంటే ఎముక బాగానే ఉంది, కీలును పట్టి ఉంచే నరం కొంత తెగిందన్నారు. మూడు వారాలు సిమెంటు కట్టు.

అసలు బాధ అది కాదు. మా హెడ్మిస్ట్రెస్ కళావతి మేడం నిన్న గదిలోకి పిలిచింది. "ఆగస్టు పదిహేను ఎట్లనో ఎల్లదీస్తం, జనవరి ఇరవై ఆరు పరేడుకు గ్రౌండ్ల నిలబడతవా లేదా, ఒక్క మాట చెప్పు రుక్మిణీ. లేకుంటే వేరే పీఈటీని పంపమంట. నీకు హాస్టల్ స్టోరు తాళాలిస్త, కూసోని చేసే పని" అంది. స్టోరు తాళాలు! బియ్యం బస్తాల మధ్య కూర్చోవడానికా నేను పదకొండేళ్లుగా విజిల్ ఊదుతున్నది?

నువ్వు ఖమ్మంలో ఫిజియోథెరపీ చేస్తావు కదా. కట్టు విప్పాక కాలికి ఏ వ్యాయామం చేయాలో రాసి పంపు. కాలికి మాత్రమే. ఫోను మేడం గదిలో ఉంది, అందులో ఏం మాట్లాడినా భోజనాల వేళకు వంటశాల దాకా చేరుతుంది. అందుకే ఉత్తరం. జూలూరుపాడు దగ్గర తండాలో ఉన్న అమ్మకు ఈ సంగతి చెప్పవద్దు. మా తమ్ముడు కోటేష్‌కు చెప్పినా నష్టం లేదు, వాడికి ఇప్పుడు నీ పేరు తప్ప ఏదీ గుర్తుండదు.

ఇట్లు,
మీ వదిన
రుక్మిణి


ఖమ్మం,
25 జూలై 2005.

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారాలు. అవసరం పడి రాసినా సరే, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

కట్టు ఉన్నన్ని రోజులు కాలు దిండ్ల మీద ఎత్తుగా పెట్టుకోండి. వేళ్లు ఆడిస్తూ ఉండండి. దెబ్బ ఎడమ కాలికి తగిలింది కాబట్టి చేతికర్ర కుడి చేతిలో ఉండాలి. చాలామంది దెబ్బ తగిలిన వైపే పట్టుకుని దాని మీద ఒరిగిపోతారు. కట్టు విప్పాక మంచం మీద కూర్చుని, కాలి బొటనవేలితో గాలిలో అ ఆ ఇ ఈ రాయండి. నవ్వకండి, చీలమండ అన్ని వైపులా తిరగడానికి మన అక్షరాలను మించినవి లేవు. ఋ దగ్గర నొప్పి వస్తే ఋ వదిలేసి ముందుకు పోండి.

కాలికి మాత్రమే అని రాశారు. ఇక్కడ కొంచెం ధైర్యం చేస్తున్నాను. పెళ్లిలో అప్పగింతలప్పుడు మీరు నన్ను దగ్గరికి తీసుకున్నారు. నా చెయ్యి మీ వీపు మీద పడింది. రోజూ పదిమంది వీపులు చూసే చెయ్యి కదా, దానికి తెలిసిపోయింది. మీ వెన్ను కుడి వైపుకు వంగి ఉంది, ఆ వైపు పక్కటెముకలు వెనక్కి పొడుచుకొచ్చాయి. కుడి భుజం ఎత్తు. అది కనబడకుండా ఎడమ భుజం దగ్గర లోపల మెత్త కుట్టించుకున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు, మీ తమ్ముడికి కూడా.

వెన్ను వంకర ఉన్న మనిషి కాలు దెబ్బతిని కర్ర మీద వాలి నడిస్తే, కాలు మానేలోపు నడుము పట్టేస్తుంది. రెండూ కలిపి చూసుకోవాలి. దయచేసి వీపు ఎక్స్‌రే ఒకటి తీయించి పంపండి.

మీ మరదలు
భార్గవి


దమ్మపేట,
6 ఆగస్టు 2005.

భార్గవీ,

కాలి సంగతి బాగా రాశావు. మిగతాది నేను అడగలేదు.

పదమూడో ఏట నుంచి దాచుకున్నదాన్ని నువ్వు ఒక్క కౌగిలింతలో బయటికి లాగావు. పైగా కాగితం మీద పెట్టి పోస్టులో వేశావు. మా అటెండరు చేతికి ఉత్తరం వస్తే కవరు ఎండకు పట్టి చూస్తాడని నీకు తెలుసా? ఉద్యోగంలో చేరే ముందు వైద్య పరీక్షకు వదులు చొక్కా వేసుకుని నిలబడ్డాను. డాక్టరు తల ఎత్తకుండానే సంతకం పెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా నా వీపు ఎవరూ చూడలేదు. డ్రిల్లు టీచరు నడుమే వంకరని తెలిస్తే కళావతి మేడం జనవరి దాకా కూడా ఆగదు. రోజూ పొద్దున్నే రెండు వందల మందిని నిటారుగా నిలబడండని అరిచేది నేను. ఆ గొంతుకు విలువేం ఉంటుంది?

ఎక్స్‌రే లేదు, ఏమీ లేదు. ఈ ఉత్తరం చించి పొయ్యిలో పెట్టు.

రుక్మిణి

ఇంకొక్క మాట. కర్ర నాకు భీమక్క ఎడమ చేతికే ఇచ్చింది, నేనూ అలాగే పట్టుకున్నాను. నువ్వు చెప్పాక కుడి చేతిలోకి మార్చాను, నడక తేలికయింది. నడుము నొప్పి మాత్రం నిజమే. కుర్చీలోంచి లేవాలంటే కిటికీ చువ్వ పట్టుకోవాల్సి వస్తోంది. నువ్వు అడిగావు కాబట్టి రాశాను, అంతే.


ఖమ్మం,
14 ఆగస్టు 2005.

వదినగారికి,

ఉత్తరం చించలేదు. పైన కోపంగా రాసినదంతా మడిచి పెట్టేశాను. సంతకం కింద రాసిన నాలుగు మాటలకే ఈ జవాబు. ఇకపై కవరు లోపల ఇంకో కాగితం చుట్టి పంపుతాను, మీ అటెండరు ఎంత ఎండకు పట్టినా ఏమీ కనబడదు.

ముందు నిజం చెప్పేస్తాను. మీ వయసులో వ్యాయామంతో వెన్ను నిటారు కాదు. అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ నొప్పి తగ్గుతుంది, కండరాలు గట్టిపడతాయి, మీరు గ్రౌండులో చాలా ఏళ్లు నిలబడగలరు. మనకు కావలసింది అదే కదా.

మానాల్సినవి: వంగి పాదాలు అందుకోవడం, నడుము మెలితిప్పడం, గంతులు, తలకిందులుగా నిలబడడం, బరువులెత్తడం. పిల్లలకు చూపించడానికి కూడా వద్దు.

చేయాల్సినవి రెండే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట లోపలికి బిగించి పది అంకెలు లెక్కపెట్టండి, ఊపిరి మాత్రం బిగబట్టకండి. రెండోది ముఖ్యం. తువ్వాలు గట్టిగా చుట్టి పక్క మీద పెట్టి, దాని మీద కుడి పక్కటెముకలు ఆనేలా కుడి పక్కకు తిరిగి పడుకోండి. మోకాళ్ల మధ్య ఒక దిండు, ఎడమ చీలమండ కింద ఇంకొకటి పెట్టుకుంటే కాలు లాగదు. ఎడమ చెయ్యి తల మీదుగా చాపి, ఎడమ పక్కటెముకల్లోకి ఊపిరి పీల్చండి. ఐదు ఊపిర్లు, రోజుకు రెండుసార్లు. కుడి పక్కకు మాత్రమే. ముడుచుకున్న వైపు తెరుచుకోవాలి. ఎడమ పక్కకు వద్దు.

లాగినట్టు ఉంటే ఫర్వాలేదు. పొడిచినట్టు ఉంటే ఆపేయండి. మీ పిల్లలు మీ విజిల్ వింటారే, అలా వినాలి నొప్పి మాట.

భార్గవి


దమ్మపేట,
10 సెప్టెంబరు 2005.

భార్గవీ,

నన్ను మీరు మీరు అనడం మానెయ్. మేడం గదిలో నిలబడినట్టు ఉంటుంది. నువ్వు అను.

కట్టు విప్పారు. బొటనవేలితో ఋ దాకా వచ్చాను, ౠ రాస్తుంటే భీమక్క చూసి నాకేదో పట్టిందనుకుంది. నీ వ్యాయామాలు రెండు పూటలా తప్పకుండా చేస్తున్నాను. ఐదు కాదు, ఎనిమిది. డ్రిల్లంతా ఎనిమిది అంకెల మీదే నడుస్తుంది, ఐదు దగ్గర ఆపితే అన్నం మధ్యలో లేచినట్టు ఉంటుంది నాకు. నడుము నొప్పి కాస్త తగ్గింది కానీ, ఈ వారం ఎడమ వైపు కింది పక్కటెముకల దగ్గర కొత్తగా పొడుస్తోంది. వాన ముసురు వల్ల కావచ్చు.

పొద్దుటి డ్రిల్లు కుర్చీలో కూర్చుని చేయిస్తున్నాను. ముందు కూర్చుంటే ఎండ మొహాన కొడుతోందని కుర్చీ లైన్ల వెనక వేయించుకున్నాను. పదకొండేళ్లు పిల్లల మొహాలు చూశాను, ఇప్పుడు వీపులు చూస్తున్నాను. వెనక నుంచి అన్ని దొంగతనాలూ తెలుస్తాయి.

పూలి అని ఎనిమిదో తరగతి పిల్ల ఉంది, మన లంబాడీ పిల్లే, పైనున్న తండా నుంచి వస్తుంది. మహా మొండి ఘటం. జూన్ నుంచి చెబుతున్నాను, కుడి భుజం దించి నిలబడదు. వెనక నుంచి చూస్తే యూనిఫారం అంచు ఒక పక్కకు వేలాడుతూ ఉంటుంది. నిన్న ఇక ఓపిక పోయి లైను ముందుకు పిలిచి, అందరి ఎదుటా భుజం పట్టి నొక్కి నిలబెట్టాను. ఐదు నిమిషాలు అలాగే ఉండమన్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ కాలం పిల్లలను ఒక్క మాట అనకూడదు.

కోటేష్‌ను సెలవు పెట్టుకుని ఒకసారి రమ్మను.

రుక్మిణి


ఖమ్మం,
17 సెప్టెంబరు 2005.

వదినగారికి,

మీరు అనడం మానమన్నారు. ఈ ఒక్క ఉత్తరంలో మానను, ఎందుకంటే పోట్లాడబోతున్నాను.

మీరు రెండు పక్కలకూ చేస్తున్నారు. నిజం చెప్పండి. కుడి పక్కకు ఎనిమిది, తర్వాత తిరిగి ఎడమ పక్కకు ఎనిమిది. ఆ కొత్త నొప్పి వానది కాదు. ముడుచుకున్న వైపు కింద తువ్వాలు పెట్టి దాన్ని ఇంకా ముడుస్తున్నారు. ఒక చేతికి చేయించింది రెండో చేతికి చేయించకపోతే డ్రిల్లు టీచరుకు తోచదని నాకు ముందే తట్టి ఉండాల్సింది. అందరికీ రెండు వైపులూ సమానమే వదినా, మీ వెన్నుకు కాదు. అది పరేడు లైను కాదు. ఎడమ పక్కకు ఇవాళే ఆపేయండి.

రెండో సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ ఉత్తరం రెండో పేజీ ఈ కవరులో తిప్పి పంపుతున్నాను. పూలి గురించి మీరు రాసింది మీరే ఒకసారి చదవండి. అది వేరే ఎవరో టీచరు, వేరే ఏదో పిల్ల గురించి రాసిన కాగితం అనుకుని చదవండి.

కుడి భుజం ఎత్తు. అంచు ఒక పక్కకు. పదమూడేళ్లు. ఆ పిల్ల దించనని మొండికేయడం లేదు, దించలేకపోతోంది.

ఒక్కర్తినీ పిలిచి, చేతులు వదిలేసి ముందుకు వంగమనండి. వీపు ఒక పక్క లేస్తే నా దగ్గరికి పంపండి. ఎదిగే వయసులో కనిపెడితే వంకర పెరగకుండా ఆపడానికి వీలుంటుంది. ఆలస్యమైతే నేను మీకు రాసినట్టు, నిటారు కాదు అని ఆ పిల్లకూ రాయాల్సి వస్తుంది.

భార్గవి


దమ్మపేట,
24 అక్టోబరు 2005.

భార్గవీ,

నెల దాటింది. రాయడానికి మొహం చెల్లలేదు.

అవును, రెండు పక్కలకూ చేశాను. ఆపేశాను, ఆ నొప్పి పోయింది. ఇక దాని గురించి రాసేదేం లేదు.

నువ్వు పంపిన పేజీ చదివాను. నా దస్తూరీయే, నా మాటలే. చదివి స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. నాకు తట్టలేదంటే నువ్వు నమ్ముతావా? ఇరవై ఏళ్లుగా అద్దంలో చూసుకునేది అదే భుజం. నాది దాచడమే పనిగా పెట్టుకున్నాను కాబోలు, ఇంకొకరి మీద కనబడితే దించు, సరిచెయ్యి అనడం తప్ప ఇంకేదీ రాలేదు.

మర్నాడే పూలిని స్టోరు గదిలోకి పిలిచి వంగమన్నాను. వంగలేదు. "నాకేం కాలే టీచర్. సక్కగనే నిలబడత" అంటూ గోడకు ఆనుకుని, ఆ భుజాన్ని కిందికి లాక్కుంటూ నిలబడింది. మెడ నరాలు పొంగి చెమటలు కారుతున్నాయి. నేను చేసిన నిర్వాకం అది. వెళ్లమన్నాను. దసరా సెలవులకు ఇంటికి పోయింది, బడి తెరిచి వారమైంది, రాలేదు. వాళ్ల తండా పిల్లనడిగితే "వాళ్లమ్మ పంపదంట టీచర్. డ్రిల్లుల తిడతరని పూలి ఏడుస్తంది" అంది.

నా పదమూడో ఏట కొత్తగూడెం హాస్టల్లో ఉండేదాన్ని. ఒక టీచరు స్కేలుతో నా కుడి భుజం మీద కొట్టేది, దించమని. ఆ నెలలోనే పాత బొంతలోంచి దూది లాగి మొదటి మెత్త నేనే కుట్టుకున్నాను. ఆవిడను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పూలి ఇంకో ఇరవై ఏళ్లు నన్ను అలాగే తలుచుకుంటుంది. అది నేను తట్టుకోలేను భార్గవీ. ఆ పిల్లను ఎలా తీసుకురావాలో తెలియడం లేదు.

రుక్మిణి


ఖమ్మం,
30 అక్టోబరు 2005.

వదినా,

ఇక నువ్వు అనే రాస్తాను.

నిన్ను అడక్కుండా ఒక పని చేశాను. ఆదివారం జూలూరుపాడు తండాకు వెళ్లాను. అత్తమ్మ మిరప చేలో కలుపు తీస్తోంది. నీ కాలి సంగతి చెప్పలేదు. నీ వీపు సంగతి అడిగాను. దాచుకున్నావని అనుకుంటున్నావు కదా, ఆమెకు మొదటి నుంచీ తెలుసు. కొడవలి కింద పెట్టి గట్టు మీద కూర్చుంది. "నేనే చేసిన బిడ్డా. చిన్నప్పుడు దానితోని బిందె చంకనబెట్టి నీళ్లు మోపిచ్చిన, ఒక్క దిక్కే. గందుకే నడుము గట్లయింది. అడిగితే నన్ను తిడతదని ఎన్నడు అడగలే. పెండ్లి మాట గూడ ఎత్తలే" అంది. ఇరవై ఏళ్లుగా ఆ బిందె ఆమె చంక దిగలేదు.

బిందె మోసినందుకు ఇలా కాదు అత్తమ్మా, ఇది ఎవరి తప్పూ కాదు, ఎందుకొస్తుందో డాక్టర్లకే సరిగ్గా తెలియదు అని చెప్పాను. మూడుసార్లు చెప్పించుకుంది. "అవ్? నిజమేనా?" అని మళ్లీ అడిగింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. నువ్వు ఒకసారి వెళ్లి రా.

పూలి దగ్గరికి నేను వచ్చి నాలుగు మాటలు చెప్పగలను. డాక్టరు మాట, నర్సు మాట వాళ్లు ఎక్కడైనా వింటారు. కానీ వాళ్లకు నువ్వు చెప్పగలిగింది నేను చెప్పలేను. అంతకంటే రాయను, నీకు అర్థమవుతుంది.

పూలి వాళ్ల తండాకు వెళితే జాగ్రత్త. చీలమండకు పట్టీ బిగించు. కర్ర కుడి చేతిలో. ఫర్లాంగు నడిస్తే కాసేపు కూర్చో. చెలకల్లో అడ్డదారి పట్టకు. సంచి భుజానికి వేలాడేయకు, భీమక్కకు ఇవ్వు.

భార్గవి


దమ్మపేట,
20 నవంబరు 2005.

భార్గవీ,

వెళ్లాను. నువ్వు చెప్పినట్టే ఫర్లాంగుకోసారి కూర్చున్నాను. తారు రోడ్డు దాకా ఆటోలో, అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య బండ్ల దారిలో కిలోమీటరు పైన. భీమక్క సంచి మోస్తూ "పసరు తీసెయ్యకుంటే ఈపాటికి ఉరుకుదువు" అని దారి పొడుగునా సణిగింది.

పూలి తల్లి మోతీ గుడిసె ముందు పత్తి వలుస్తోంది. నన్ను చూడగానే మొహం గంటు పెట్టుకుంది. "మా పిల్లకేం రోగం లేదు టీచర్. రోగమని నలుగుట్ల తెలిస్తే రేపు దాన్నెవరు జేసుకుంటరు? సదువు సాలు, పత్తికి పోతది" అంది. పూలి లోపల ధాన్యం గుమ్మి చాటున నిలబడింది, పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక పాదం మీదే బరువంతా మోపి ఉంది. నేనూ అలాగే నిలబడతాను.

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లాను. ఒక్కటీ నోటికి రాలేదు. భీమక్కను బయట కూర్చోమని, మోతీని లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, వాళ్లకు వీపు తిప్పి డ్రెస్సు మెడ దాకా ఎత్తాను. బడిలో తెలుగు తప్ప మాట్లాడని నేను మన లంబాడీ మాటలోనే అన్నాను, "చెయ్యి పెట్టి చూడు పూలీ, నాది నీకంటే పెద్దది" అని.

గుమ్మి వెనక నుంచి పాదాల చప్పుడయింది. తర్వాత ఒక చిన్న చల్లటి చెయ్యి వచ్చి పక్కటెముకల మీద పడింది. నీ తర్వాత నన్ను అక్కడ ముట్టుకున్నది ఆ పిల్లే. "నొప్పి పుడ్తదా?" అంది. పుడుతుందన్నాను. "మరి విజిల్ ఎట్ల ఊదుతరు?" అంది. నొప్పితోనే ఊదుతానన్నాను. నీ భుజం నొక్కిన రోజు నాది తప్పు, నన్ను క్షమించు అన్నాను. టీచర్లు అలా అంటారని ఆ పిల్లకు తెలియదనుకుంటా, తల్లి మొహం చూసింది.

డ్రెస్సు సర్దుకుంటుంటే ఎడమ భుజం లోపలి మెత్త దాని కంట పడింది. "ఏందది?" అంది. చెప్పాను. చేత్తో నొక్కి నొక్కి చూసింది. మొహం వెలిగిపోయింది భార్గవీ. "నాగ్గూడ గిట్లాంటిది కుట్టిస్తరా టీచర్? అప్పుడు బడికొస్త" అంది.

సరే అంటే రేపే బడికి వచ్చేది. నేను దాన్ని వేసుకుని ఉండగా నీకు వద్దు అనడానికి నాకు నోరెక్కడిది? మోతీని కత్తెర అడిగాను. కత్తెర లేదు, కొడవలి ఇచ్చింది. కొడవలి మొనతో కుట్లు కోసి మెత్త లాగేశాను. భుజం అంచు అక్కడే జారిపోయింది. ఇదిగో, ఇక నాకూ లేదు, నీకూ లేదు, ఇద్దరం ఇలాగే వెళ్దాం అన్నాను.

మోతీ అప్పటి దాకా నన్నే చూస్తూ ఉంది. మెల్లగా లేచి కూతురి వెనక్కి వెళ్లి గౌను లోపల చెయ్యి పెట్టి వీపు తడిమింది. "ఎప్పటి సందే?" అని అడిగింది. "నిరుటి సంది యాడీ" అంది పూలి. యాడీ యాడీ అని తల్లిని కరుచుకుని ఏడ్చింది. నేను చెప్పాల్సినవి ఆ తర్వాత చెప్పాను. పూలిని వెంటనే బడికి పంపుతానని, పత్తి ఏరడం కాగానే ఖమ్మం తెస్తానని మోతీ అంది.

కవరులో రెండున్నాయి. ఒకటి నా వీపు ఎక్స్‌రే, సత్తుపల్లిలో తీయించాను. రెండోది మెత్త. ఎక్కడ పారేయాలో తోచలేదు, అందుకే నీకు పంపుతున్నాను.

రుక్మిణి


ఖమ్మం,
19 డిసెంబరు 2005.

వదినా,

పూలి, మోతీ వచ్చి వెళ్లారు. ఎముకల డాక్టరు చూశారు. పిల్ల ఇంకా ఎదుగుతోంది కాబట్టి, బెల్టు వేసి వ్యాయామం చేయిస్తే వంకర ఇంతటితో ఆగే అవకాశం ఉందన్నారు. అవకాశమే, హామీ కాదు. కొలతలు తీసుకున్నారు, సంక్రాంతి సెలవుల లోపు బెల్టు వస్తుంది. పూలికి కూడా నీలాగే కుడి వైపు వంకర. కాబట్టి తువ్వాలు వ్యాయామం కుడి పక్కకే. నేర్పించాను, గబుక్కున పట్టేసింది. కానీ వెళ్లేటప్పుడు నా చెవిలో చెప్పింది, హాస్టల్లో చెయ్యదట. తను ఒక్కతే పక్కకు తిరిగి పడుకుంటే అందరూ వచ్చి చూస్తారట. దీనికి నా దగ్గర మందు లేదు. బెల్టు గురించి కళావతి మేడంకు నువ్వే చెప్పాలి. నీ గురించి చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం.

నీ ఎక్స్‌రే కూడా చూపించాను. నీ వ్యాయామం సరైనదే, నిలబడే పని మానక్కర్లేదు, దూకే పని మానాలి అన్నారు. కాగితం రాయించి జత చేస్తున్నాను.

మెత్త కోటేష్ కంట పడింది. అటూ ఇటూ తిప్పి "ఏందిది?" అన్నాడు. చెప్పాను. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "ఒక్క ఇంట్ల పెరిగినం" అన్నాడు. సంక్రాంతి దాకా ఆగనని, ఈ ఆదివారమే నీ దగ్గరికి వస్తానంటున్నాడు. ఏమీ అనకు తనను.

భార్గవి


దమ్మపేట,
28 జనవరి 2006.

భార్గవీ,

కోటేష్ వచ్చాడు. నా గదిలో కాసేపు కూర్చుని, నా కుర్చీ కాలు వదులుగా ఉందని మేకు కొట్టి వెళ్లాడు. పండక్కి తండాకు వెళ్లి అమ్మ దగ్గర నాలుగు రోజులు ఉన్నాను. నూనె వేడి చేసి వీపుకు రాసింది. ఇద్దరం బిందె మాట ఎత్తలేదు, ఎత్తక్కర్లేకపోయింది.

మేడంకు అంతా చెప్పాను, పూలిదీ నాదీ. డాక్టరు కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "పదకొండేండ్ల సంది గీ నడుముతోనేనా నన్ను గూడ పరేడుల నిలబెట్టి అరిచింది?" అంది. అవును మేడం అన్నాను. నవ్వింది. స్టోరు తాళాలు సొరుగులో వేసి సొరుగు మూసింది. "దూకకు. దూకితే మాత్రం ఇస్త" అంది.

ఇరవై ఆరున గ్రౌండులో నిలబడ్డాను. చీలమండకు పట్టీ ఉంది, చేతిలో కర్ర లేదు. తెల్ల డ్రెస్సు కొత్తది, టైలరు రమణ కుట్టాడు. మెత్త పెట్టాలా అని అడిగాడు, వద్దన్నాను. ఎన్నో ఏళ్లుగా కుడుతున్నవాడు, ఒక్క ప్రశ్న వేయకుండా టేపు మళ్లీ పట్టి ఎడమ వైపు కొంచెం తగ్గించి కొలిచాడు. ఫొటోలో నా భుజాలు వంకరగానే వచ్చాయి. నీకొకటి పంపుతాను.

అసలు రాయాలనుకున్నది నిన్నటి సంగతి. నీ దగ్గర మందు లేదన్నావు కదా.

పూలికి బెల్టు వచ్చింది. యూనిఫారం కింద కనబడదు. వ్యాయామం వేళకు బెల్టు విప్పుతుంది కానీ, చాప తీసుకుని గోడ చాటుకు పోవడమే తప్ప ఒక్కరోజూ చెయ్యలేదు. నిన్న పొద్దున డ్రిల్లుకు ఎనిమిదో తరగతి వాళ్లందరినీ తలా ఒక చాప, తువ్వాలు తెమ్మన్నాను. అరవై మంది. పూలిని చివరి వరసలో చివరన ఉంచాను. తువ్వాలు చుట్టి పక్కటెముకల కింద పెట్టండి, అందరూ కుడి పక్కకు, ఎడమ చెయ్యి తల మీదికి అన్నాను. ఐదు ఊపిర్లు లెక్కపెట్టాను. ఎనిమిది కాదు, ఐదే. ఒక్కరోజు ఐదు ఊపిర్లకు వాళ్లకేం కాదులే, నువ్వు కంగారు పడకు.

ఐదు అయ్యాక అందరూ అలాగే ఉండిపోయారు, రెండో వైపు చెబుతానని. ముందు వరసలోంచి ఒక పిల్ల అడిగింది, "టీచర్, ఎడమ దిక్కు?" అని. లేదు, ఇవాళ ఇంతే అన్నాను. పదకొండేళ్లలో ఒక వైపు చేయించి రెండో వైపు వదిలేయడం ఇదే మొదటిసారి. చేతులు దురద పెట్టాయి, నిజం చెబుతున్నాను. కానీ లేవమని విజిల్ ఊదలేదు.

ఎందుకంటే పూలి అప్పటికి ఇంకా పడుకోలేదు. చాప మీద కూర్చుని చుట్టూ చూస్తోంది, ఎవరైనా చూస్తున్నారా అని. అందరూ కుడి పక్కకు తిరిగి ఉన్నారు కదా, దాని వైపు ఒక్క మొహం కూడా లేదు. అన్నీ వీపులే. కాసేపు ఆ వీపుల్ని చూసింది. తర్వాత తువ్వాలు సర్దుకుని, మెల్లగా కుడి పక్కకు ఒరిగి, ఎడమ చెయ్యి తల మీదికి చాపింది. నేను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాను.

రుక్మిణి